సానాయన లాబ్ వెడ్జ్

అన్నయ్య అందించిన కొత్త గోల్ఫ్ కర్ర, లాబ్ వెడ్జ్‌ను సానాయన అందరి ముందూ నవ్వుతూ అందుకున్నాడు. అందరూ భోజనాల బల్ల వైపు తిరిగాక మాత్రం దాన్ని తలకిందులు చేసి అడుగు చూశాడు. చూడగానే మనసులో ఏదో కలుక్కుమంది.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు, తోడల్లుడు. సానాయన భార్యకు స్వయానా అక్క మొగుడు. ఆయన వృత్తి భూముల సర్వే. సానాయనది కత్తులకు సాన పట్టే కొట్టు. అచ్చాఫీసుల్లో కాగితం కోసే బ్లేడ్లు, వడ్రంగుల చిత్రిక బ్లేడ్లు, దర్జీల కత్తెరలు అన్నీ ఆ కొట్టుకే వస్తాయి. గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసే మిషన్ బ్లేడ్లు కూడా వస్తాయి. ఒకసారి వాటిని తిరిగివ్వడానికి వెళ్ళి, అక్కడ ఆడుతున్న అన్నయ్య కంటబడి, ఆయన బలవంతం మీద ఒక్క దెబ్బ కొట్టి, ఆ దెబ్బతోనే ఆట పిచ్చి తగిలించుకున్నాడు. అప్పటినుంచి ఏటా జరిగే జోడీల పోటీలో ఇద్దరిదీ ఒకే జట్టు. జోడీకి ఒకటే బంతి, వంతులవారీగా కొట్టాలి. ఒకరు పాడు చేస్తే రెండోవారు బాగు చేయాలి.

కిందటేడు పాడు చేసింది సానాయనే. ఆఖరి హోల్ దగ్గర బంతి బంకర్‌లో, అంటే ఇసుక గోతిలో పడింది. వంతు అతనిది. అతను కొట్టిన దెబ్బకు ఇసుక లేచింది గానీ బంతి లేవలేదు. ఆ ఒక్క దెబ్బ తేడాతో చేతికందిన కప్పు చేజారింది. అన్నయ్య ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడాన్నే సానాయన ఏడాది పొడుగునా నములుతూ కూర్చున్నాడు. పైకి అనని మనిషి లోపల ఏం దాచుకున్నాడో ఎవరికి తెలుసు?

అతను అనుమానప్పక్షి అని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంటికి కొత్త తాళం కొంటే, అది వీధిలో ఇంకెవరి తాళంచెవితోనైనా తెరుచుకుంటుందేమోనని గడప గడపకీ వెళ్ళి అడిగి చూసిన మనిషి.

"ఏం వెతుకుతున్నారు మరిదిగారూ? అడుగున మా ఆయన మందుపాతర పెట్టాడేమోననా?" అంది వదిన గిన్నెలు సర్దుతూ.

"లేదొదినా, బరువు చూస్తున్నా."

"ఈ ఏడు ఇసుకలో పడ్డా బెంగ లేదు తమ్ముడూ," అన్నాడు అన్నయ్య, నడుం పట్టుకుని కుర్చీలోకి మెల్లగా దిగుతూ. "బంతిని నిటారుగా లేపుతుంది, మెత్తగా దింపుతుంది. నమ్మి కొట్టు."

నమ్మి అన్న మాట దగ్గర సానాయన ఆగిపోయాడు. నమ్మమని ప్రత్యేకంగా చెప్పడమెందుకు? ఆ నడుం ఎందుకు పట్టేసింది? మాట తప్పించడానికి కాదు కదా?

అతను చూసిందేమిటంటే, వెడ్జ్‌ను నేలమీద ఆనిస్తే ముందరి అంచు నేలకు తగలడం లేదు. అంచు వెనక అడుగుభాగం లావుగా, పొట్టలా కిందికి దిగి ఉంది. నేలకు ఆనేది ఆ పొట్టే. పక్కన అరవై, పన్నెండు అని రెండు అంకెలు కొట్టి ఉన్నాయి. అరవై అంటే కర్ర ముఖం ఎంత వాలి ఉందో చెప్పే లెక్క, అది తెలుసు. పన్నెండు ఏమిటో తెలియదు. అడగొచ్చు. కానీ ఇనుము గురించి ఒకరిని అడగడం అతని ఇంటా వంటా లేదు. దిగాల్సిన వస్తువుకు అంచు కదా ముందు దిగాలి? అంచును పైకెత్తి పొట్టను కిందికి పెట్టిన పనిముట్టు మొద్దు పనిముట్టు. ఇది అతనికి పాలు తాగే వయసులో తెలిసిన సంగతి.

మర్నాడు కొట్టు వెనక ఖాళీ జాగాలో బంతి పెట్టి కొట్టి చూశాడు. ఎండకు ఎండి బండలా బిగిసిన నేల అది. పొట్ట నేలకు తగిలి ఎగిరింది, అంచు వెళ్ళి బంతి నడుం మీద తగిలింది. బంతి పైకి లేవకుండా తూటాలా దూసుకుపోయి పక్కనున్న వెల్డింగ్ షాపు రేకు తలుపును మోగించింది.

"ఏంటి బాబాయ్, నామీద ఏమైనా పగా?" అని వెల్డరు తల బయటికి పెట్టాడు.

"నీమీద కాదురా అబ్బాయ్," అన్నాడు సానాయన. ఎవరిమీదో మాత్రం చెప్పలేదు.

ఆ శనివారం మైదానంలో, అన్నయ్య నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన సంచిలోంచి లాబ్ వెడ్జ్ సగం పైకి లాగి చూశాడు. అదే కంపెనీ, అదే అరవై. పక్కన మాత్రం ఆరు. అడుగు పలచగా, పొట్ట ఉందా లేదా అన్నట్టుంది.

"మీది ఆరు, నాది పన్నెండూనా అన్నయ్యా?" అన్నాడు, ఆయన రాగానే, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"నీ చేతికి అదే సరి తమ్ముడూ."

"నా చేతికేమైంది?"

"ఏమీ కాలేదు. నీ దెబ్బ గొడ్డలి వేసినట్టు నిలువునా దిగుతుంది. నాది అలా కాదు, పైపైన దువ్వినట్టు..." అంటుండగానే వీళ్ళ వంతు వచ్చిందని మైదానం మనిషి కేకేశాడు. మాట అక్కడే తెగిపోయింది.

తెగిన మాటను సానాయన ఇంటికి తెచ్చుకుని తనకు తోచినట్టు పూర్తి చేసుకున్నాడు. నీది మోటు చెయ్యి, నీకు మొద్దు కర్ర చాలు అనేగా? అంతటితో ఆగితే బాగుండేది. కిందటేడు కప్పు పోయింది. ఈ ఏడు మొద్దు కర్రతో మళ్ళీ ఇసుకలో కూరుకుపోతే, జోడీ మార్చడానికి ఆయనకు సాకు దొరుకుతుంది. తన నోటితో పొమ్మనక్కర్లేకుండా కర్ర చేత చెప్పిస్తున్నాడన్నమాట!

రోజూ మిషన్ మీట నొక్కే ముందు సానాయన కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాడు. "నా చేత్తో ఎవరికీ కీడు జరగకుండా చూడు తండ్రీ" అన్నది అతని ప్రార్థన. ఆవేళ కూడా మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. చేతులు జోడించినప్పుడు అనుమానం ఎక్కడికి పోతుందో, తెరిచేసరికి మళ్ళీ ఎలా వచ్చి కూర్చుంటుందో దేవుడికే తెలియాలి. మీట నొక్కాడు. నీళ్ళు చల్లుకుంటూ, చక్రానికి ఆనించి, ఆ పొట్టను ఒడుపుగా తీసేశాడు. అంచు నేలకు ఆనింది. బొటనవేలితో తడిమి చూసుకుంటే కడుపు నిండినట్టయింది.

మళ్ళీ శనివారం వాళ్ళు బంకర్ దగ్గరే సాధన చేశారు. ఆ ఏడు కొత్తగా ఇసుక పోశారు. కాలు పెడితే మడమ దిగిపోయేంత మెత్తగా ఉంది. సానాయన బలంగా కొట్టాడు. సాన పట్టిన అంచు పారలా ఇసుకలోకి దిగి, దిగినచోటే ఉండిపోయింది. మణికట్టు జివ్వుమంది. బంతి రెండంగుళాలు దొర్లి, గోతిలోకి మళ్ళీ జారి కూర్చుంది. ఇంకోసారి కొట్టినా అంతే.

అన్నయ్య గోతిలోకి దిగి వెడ్జ్ తీసుకున్నాడు. తిరగేశాడు. పూత లేచిపోయి తెల్లగా మెరుస్తున్న అడుగును వేలితో రాశాడు. తిడతాడేమో, తిడితే తనూ నాలుగు అనాలని సానాయన సిద్ధంగా ఉన్నాడు. అన్నయ్య కర్రను తిరిగి చేతికిచ్చి, "పద, ఎండెక్కుతోంది," అన్నాడు.

ఆ వారమంతా ఆయన దగ్గరనుంచి ఫోను లేదు. గురువారం సానాయన భార్య అక్కతో మాట్లాడి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"ఏమండీ, బావగారు ఈసారి పళ్ళ డాక్టరుతో ఆడతారేమోనట. రేపు సాయంత్రంలోగా పేర్లివ్వాలట. మీ ఇద్దరికీ ఏమైందండీ?"

"చూశావా! నేననలేదూ?"

"మీరు నాతో ఏమీ అనలేదు."

"మనసులో అన్నాను!"

"మీ మనసులో మీరన్నవాటికి నేను సాక్షినా?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అనుమానం నిజమైతే బాధ కలగాలి. సానాయనకు ముందు ఒకరకమైన తృప్తి కలిగింది. బాధ ఆలస్యంగా, అన్నం కలుపుకుంటుండగా వచ్చింది. ఇక శనివారాలు ఎక్కడికి వెళ్ళాలి? ఎవరితో?

శుక్రవారం పొద్దున వెడ్జ్ చంకన పెట్టుకుని, దాన్ని అమ్మిన షాపుకు వెళ్ళాడు. లోపమున్న సరుకని వాళ్ళ నోటితో చెప్పించి, ఆ మాట తీసుకెళ్ళి అన్నయ్య ముఖాన కొట్టాలని అతని ఆలోచన.

షాపామె వెడ్జ్‌ను తిరగేసి చూసి, మనిషిని ఎగాదిగా చూసింది. "దీని బౌన్స్ ఏదండీ?"

"ఏదీ?"

"ఇక్కడుండాలి, పొట్టలా."

"లావుగా ఉందని తీసేశా. మొద్దు సరుకు అంటగట్టి మళ్ళీ నన్నడుగుతారా?"

ఆమె వాదించలేదు. షాపు వెనకున్న ఇసుక తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి, ముందు అతని వెడ్జ్‌ను వాలుగా ఇసుకలోకి తోసింది. అది సూటిగా లోపలికి పోయి ఇరుక్కుంది. తర్వాత పన్నెండు అంకె ఉన్న కొత్తది తీసి అలాగే తోసింది. అది కొంచెం దిగి, పొట్ట ఇసుక మీద ఆనగానే, నీటి మీద పడవలా జారి అవతల తేలింది.

"ఇసుకలో బంతిని కోయరండీ. బంతి కింద ఇసుకను లేపితే దాంతోపాటు బంతి లేస్తుంది. అంచు దిగుతుంది సరే, దిగినదాన్ని మళ్ళీ పైకి తెచ్చేది ఈ పొట్టే. అంచు కంటే ఇది ఎంత కిందికి వాలి ఉంటే అంత బౌన్స్. పన్నెండంటే ఆ వాలు డిగ్రీలు. మెత్తటి ఇసుకకీ, నిలువుగా దించే చేతికీ ఎక్కువ కావాలి. గట్టి నేలకీ, దువ్వినట్టు కొట్టే చేతికీ తక్కువ చాలు."

"గట్టి నేల మీద ఎక్కువున్నది కొడితే?"

"ఎగిరి బంతి నడుం మీద తగుల్తుంది. బంతి తూటాలా పోతుంది."

సానాయనకు వెల్డింగ్ షాపు రేకు తలుపు చెవుల్లో మళ్ళీ మోగింది. అయినా ఆఖరి ప్రయత్నంగా అడిగాడు: "ఇది కొన్నాయన, మిగిలిపోయిందేదో ఒకటి ఇమ్మన్నాడా?"

"ఆ సర్వేయరుగారా? అయ్యో, ఆయన్ని ఎలా మర్చిపోతానండీ! ఫోనులో వీడియో తెచ్చారు. ఎవరో ఇసుకలో కొడుతున్నారు, గొడ్డలి దెబ్బలాగా. ఇతనికి ఇసుకంటే భయం పట్టుకుంది, ఆ భయం పోయే కర్ర కావాలి అన్నారు. ఉన్నవన్నీ తీయించి, ఆ దెబ్బనే అనుకరిస్తూ ఈ తొట్టిలో కొట్టి కొట్టి చూశారు. పాపం, నడుం పట్టేసింది. గోడ పట్టుకుని వెళ్ళారు." ఆమె ఆగి, అతని చొక్కా వంక చూసింది. "వీడియోలో ఆయనదీ ఇలాంటి నీలం గళ్ళ చొక్కానే."

సానాయన తల వంచి తన చొక్కా చూసుకున్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని బూట్లకంటిన మట్టి గీకుతున్నాడు. సానాయన వెడ్జ్‌ను ఆయన ముందు పెట్టాడు.

"నేనే అరగదీశాను."

"చూశాను."

"ఎందుకని అడగలేదేం?"

"నువ్వెందుకు చెప్పలేదు?" అన్నయ్య బూటును తిప్పి రెండో వైపు గీకసాగాడు. "నేనిచ్చింది నచ్చలేదనుకున్నాను. ఇచ్చినదాన్ని అరగదీసి, ఇచ్చినవాడి కళ్ళముందే దాంతో కొట్టి చూపించాడంటే, ఇక నాతో ఆడటం ఇష్టం లేదని చెప్పడం కాబోలు అనుకున్నాను. డాక్టరు ఎప్పటినుంచో అడుగుతున్నాడు. నీ నోటితో చెప్పే ఇబ్బంది నీకెందుకని..."

"నేను ఇంకోలా అనుకున్నాను."

"ఎలా?"

సానాయన ఏదైనా తేలికైన అబద్ధం దొరుకుతుందేమోనని వెతికాడు. దొరికింది కూడా. కానీ దాన్ని వదిలేశాడు. "కావాలనే మొద్దుది ఇచ్చారనుకున్నాను. నా పరువు పోతే నన్ను తప్పించడానికి మీకు సాకు దొరుకుతుందని."

అన్నయ్య బూటు కింద పెట్టాడు. "నేనా?"

"మీరే."

"టీ పెట్టనా?" అని లోపలినుంచి వదిన కేకేసింది.

అన్నయ్య వెడ్జ్ వంక చూశాడు. ఆయన ముఖం మీద కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది సానాయనకు.

"డాక్టరుకు మాటిచ్చేశారా?"

"సాయంత్రం చెప్తానన్నాను." ఆయన జేబులోంచి ఫోను తీశాడు. "ఇప్పుడే, నీ ముందే మాట్లాడతాను. స్పీకర్లో పెడతా, కూర్చుని విను. లేకపోతే నేనేం చెప్పానో, వాడేమన్నాడో అని మళ్ళీ వచ్చే ఏడాదిదాకా నములుతావు."

వినాలనే ఉంది సానాయనకు. చెవులు అప్పటికే ఆ ఫోను వైపు వాలిపోయాయి. ఆయన ఎంత గట్టిగా కాదంటాడో, అవతలివాడు నవ్వుతాడో నవ్వడో, తన పేరు వస్తే ఎలా వస్తుందో, అన్నీ కావాలి.

"వద్దన్నయ్యా," అన్నాడు. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయాడు. "మీరు మాట్లాడండి."

వెడ్జ్ తీసుకుని ఇల్లు చుట్టి పెరట్లోకి వెళ్ళాడు. అంత దూరం వచ్చినా అన్నయ్య గొంతు లీలగా వినిపిస్తూనే ఉంది. మాటలు మాత్రం తెలియడం లేదు. ఇంకొక్క అడుగు వెనక్కి వేస్తే తెలుస్తాయి. సానాయన కుళాయి తిప్పాడు. చాలలేదు. పూర్తిగా తిప్పాడు. నీళ్ళు బకెట్లో దబదబా పడుతుంటే, వంగి ఆ వెడ్జ్ కడగడం మొదలుపెట్టాడు.

వంటింటి కిటికీలోంచి వదిన తొంగి చూసింది. "ఏం మరిదిగారూ, ట్యాంకంతా ఖాళీ చేసేదాకా వదలరా? తళతళలాడుతోందిగా!"

"ఇంకా కొంచెం ఉందొదినా."

కాసేపటికి అన్నయ్య నడుం పట్టుకుని పెరటి గుమ్మంలోకి వచ్చాడు. సానాయన తల ఎత్తాడు కానీ, ఏమన్నాడని అడగలేదు. అడగకుండా ఉండటానికి కుళాయి కట్టేసే పని ఒకటి పెట్టుకున్నాడు.

"మన పేర్లిచ్చేశాను," అన్నాడు అన్నయ్య. "రేపు పొద్దున్నే షాపుకెళ్ళి మళ్ళీ పన్నెండే తెచ్చుకుందాం. కాకపోతే ఒక షరతు. పోటీ అయిపోయేదాకా నీ సాన మిషన్ గదికి తాళం వేసి, తాళంచెవి మా ఇంట్లో పెట్టు."

"ఏ తాళం?" అంది వదిన కిటికీలోంచి. "వీధంతా తిరిగి పరీక్ష చేసిందేనా?"