నాలుగు గళ్లు, ఒకటే పేరు

జోలీన్ ట్వైట్‌తో కలిసి నేను పదకొండేళ్లు కాలేజీ భోజనశాలలో వంట చేశాను. ఉత్తర డకోటాలో మాదో చిన్న ఊరు. ఊళ్లో సగం మందికి జీతమిచ్చేది ఆ కాలేజీయే. నా మొగుడు అక్కడి బాయిలర్ గదిలో పనిచేస్తాడు. జోలీన్ వాళ్లుండే ఇల్లు కూడా కాలేజీదే. ఆమె భర్త డ్వెయిన్ ధాన్యం గోదాము నిచ్చెన మీదనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నప్పటినుంచీ, అతని వైద్యమంతా జోలీన్ ఉద్యోగం మీదొచ్చే బీమాతోనే నడుస్తోంది.

వాళ్లకు ఒక్కతే కూతురు, బ్రిటా. ఆ అక్టోబరులో బ్రిటా మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష రాసింది. రాసిన పిల్లలు తమ మార్కులు ఏయే కాలేజీలకు పంపాలో తొమ్మిది రోజుల్లోగా చెప్పాలి. కంప్యూటర్ తెర మీద నాలుగు గళ్లుంటాయి. తన పేరు ఎన్నో గడిలో ఉందో, పక్కన ఇంకెవరి పేర్లున్నాయో ప్రతి కాలేజీకీ తెలిసిపోతుంది.

పరీక్ష అయిన రెండోరోజే డీన్ కర్టిస్ ఆమ్‌డాల్ పళ్లెం పట్టుకుని మేం వడ్డించే బల్ల దగ్గరికొచ్చాడు.

"జోలీన్, మన బ్రిటా పరీక్ష అదరగొట్టిందటగా!"

"మార్కులింకా రాలేదండీ."

"వస్తాయిలే. ఎనభై ఏళ్లలో మన కాలేజీకి అలాంటి పిల్ల ఒక్కతీ రాలేదు. నాలుగు గళ్లున్నాయటగానీ, మన పేరొక్కటీ రాసి మిగతావి వదిలేయమను. పక్కన ఇంకో మూడు పేర్లు కనబడితే ట్రస్టీలు ఊరుకుంటారా? ఇంటి పిల్లకే మనమీద నమ్మకం లేదా అని నన్ను తినేస్తారు." మాంసం మీద బంగాళాదుంపలు పరిచి కాల్చిన హాట్‌డిష్ దగ్గరికి పళ్లెం జరిపాడు. "అన్నట్టు, మీ ఇంటి ఒప్పందం ఫిబ్రవరిలో మళ్లీ రాయాలి కదా. ట్వైట్ వాళ్లు మన మనుషులని నేను ముందే చెప్పి ఉంచాను."

బెదిరించలేదు. నవ్వుతూనే అన్నాడు. కరకరలాడే బంగాళాదుంపలున్న మూల చూసి వడ్డించుకుని వెళ్లాడు. జోలీన్ ఆ తర్వాత ఒకే గరిటెను మూడుసార్లు కడిగింది.

బ్రిటాకు నది పిచ్చి. తొమ్మిదేళ్లప్పుడు వరదొచ్చి వాళ్ల నేలమాళిగ మునిగినప్పటినుంచీ, మంచు ఎక్కడ అడ్డుపడుతుంది, నీళ్లు ఎటు తిరుగుతాయి అని ఒకటే గోల. మా కాలేజీలో టీచర్ చదువు, నర్సు చదువు, చర్చి సంగీతం ఉన్నాయి. నీళ్ల చదువు నాలుగు గంటల దూరంలోని రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఇంకో రెండుచోట్ల కూడా ఉంది. ఆ మూడు పేర్లూ ఆ పిల్ల వేసవిలోనే అనుకుని పెట్టుకుంది.

డీన్ మాట జోలీన్ ఇంట్లో చెప్పింది. బ్రిటా మర్నాడు బడిలో సలహాలిచ్చే రెన్నర్ గారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ గది తలుపు మూసింది.

"ఖాళీగా వదిలితే ఒక అర్థం, నింపితే ఇంకో అర్థం తీస్తారమ్మా. నేనేం చెప్పను? మా ఆయన కాలేజీ పాటల బృందం నడుపుతాడు. నన్నడిగావని మాత్రం ఎవరితోనూ అనకు."

ఊరి కాలేజీలోనే చేరబోతోందని ఆదివారం చర్చిలో పాస్టరు బ్రిటాను లేపి నిలబెట్టి అభినందించాడు. పెట్రోలు బంకులో ముసలి గుస్తావ్ ఆమె భుజం తట్టి, "ఇక్కడే ఉంటావటగా! బంగారు తల్లివి," అన్నాడు. తానింకా నోరు విప్పకముందే ఊరంతా తన జవాబు చెప్పేస్తుంటే, ఆ పిల్ల బయటికి రావడమే మానేసింది. జోలీన్ ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ నన్నడిగింది.

"వెర్నా, నువ్వూ నాతో వచ్చి డీన్‌తో ఒక మాట చెప్పకూడదూ?"

నాకు బాయిలర్ గదిలోని మా ఆయన గుర్తొచ్చాడు. "నాకెందుకులే జోలీన్," అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

తొమ్మిదోరోజు ఆ గళ్లు తన గదిలోనే నింపాలని డీన్ కబురుపెట్టాడు. కాలేజీ పత్రికకు ఫొటో కావాలట. జోలీన్‌ను వంటగదినుంచి అలాగే, జుట్టుకు వలతోనే రమ్మన్నారు. కాఫీ, నిమ్మరసంతో చేసిన తీపి ముక్కలు తీసుకుని నేనూ వెళ్లాను. బ్రిటా కంప్యూటర్ ముందు ఆయన కుర్చీలో కూర్చుని ఉంది. అంత పెద్ద కుర్చీలో ఆమె కాళ్లు సరిగా ఆనడం లేదు. వెనక డీన్, పక్కన కెమెరా పట్టుకున్నావిడ, గుమ్మం దగ్గర మేమిద్దరం.

మొదటి గడిలో మా కాలేజీ పేరు టైపు కొట్టింది. డీన్ చప్పట్లు కొట్టాడు.

"అంతే! ఇక పంపించెయ్."

"ఇంకా మూడున్నాయండీ."

"వదిలేయమ్మా. నింపి తీరాలని రూలేం లేదు."

బ్రిటా తల్లివైపు చూసింది. జోలీన్ తన బూట్లు చూసుకుంది.

"పొయ్యి మీద సూప్ ఉంది," అంది మెల్లగా.

బ్రిటా మళ్లీ తెరవైపు తిరిగి రెండో పేరు కొట్టింది. మూడోది కొట్టింది.

"బ్రిటా, ఒకసారి ఆలోచించుకోమ్మా," అన్నాడు డీన్. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"తొమ్మిది రోజులుగా చేసింది అదేనండీ," అంటూ నాలుగోది కూడా కొట్టి పంపించేసింది. కెమెరా ఆవిడ ఫొటో తీయాలో వద్దో తెలియక డీన్ ముఖం చూసింది.

వసారాలోకి రాగానే జోలీన్ కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. "ఏం చేశావే? మీ నాన్నని తీసుకెళ్లి ఎక్కడ పెట్టను?"

"మొదటి గడిలో వాళ్లనే పెట్టానుగా అమ్మా!"

"మొదటిదట! వాళ్లడిగింది అది కాదని నీకు తెలీదూ?"

బ్రిటా అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చింది. జోలీన్ సూప్ దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ చలికాలమంతా ఎవరూ ఒక్క మాట అనలేదు. డీన్ మాత్రం మా బల్లవైపు రావడం మానేసి అవతలి చివర వడ్డించుకునేవాడు. ఫిబ్రవరిలో ఇంటి ఒప్పందం వచ్చింది. జోలీన్ నన్ను శీతలగదిలోకి తీసుకెళ్లి కాగితం చూపించింది. ఏడాదికి బదులు నెల నెలా అని ఉంది.

"అంటే?" అన్నాను.

"అంటే ఏ నెలైనా పొమ్మనొచ్చని."

బ్రిటాకు స్కాలర్‌షిప్ అర్హత వచ్చింది. రాష్ట్ర విశ్వవిద్యాలయం ఫీజు మొత్తం భరిస్తామని రాసింది. ఆ ఉత్తరం, ఈ కాగితం ఒకే బల్ల మీద ఉన్నాయి. బ్రిటా రెండూ చదివి, "ఇక్కడే చదువుతానమ్మా. నర్సయితే మాత్రం ఏం, అదీ మంచిదేగా," అందట.

మర్నాడు జోలీన్ ఈ సంగతి చెప్పి గరిటె పక్కన పెట్టేసింది. "అది అచ్చం నా గొంతే వెర్నా. పంతొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ప్రతిదానికీ నేను అదే కదా అంటున్నాను, అదీ మంచిదేగా అని. నా పిల్ల నోట అది వినేసరికి ఇక చాలనిపించింది."

మార్చిలో ఆమె పక్క ఊరి బడి వంటగదిలో పని వెతుక్కుంది. జీతం తక్కువ, కానీ బీమా ఉంది. ఇక బ్రిటా రాష్ట్ర విశ్వవిద్యాలయానికే వెళ్లొచ్చు. రాజీనామా ఇవ్వడానికి వెళితే డీన్ నిజంగానే నొచ్చుకున్నాడు.

"నిన్నెవరు పొమ్మన్నారు జోలీన్?"

"ఎవరూ అనలేదండీ. అనేదాకా ఎదురుచూడటం ఇక నావల్ల కావడం లేదు."

దొరికిన ఇల్లు ఇనుప సామాన్ల దుకాణం పైన రెండు గదులు. మే నెలలో సామాను చేర్చడానికి నేనూ వెళ్లాను. మెట్లు ఇరుకు, నిటారు. డ్వెయిన్ ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కుతున్నాడు. వెనక జోలీన్ అతని బెల్టు పట్టుకుంది. బ్రిటా చెయ్యందించబోతే, "నువ్వెళ్లి తలుపు తియ్యవే," అన్నాడు. సగం దూరం వచ్చాక కూర్చుండిపోయాడు. నుదుటి మీద చెమట. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఎక్కితే ఎక్కానుగానీ, మళ్లీ దిగడం ఎప్పుడో," అన్నాడు నవ్వబోయి.

"దిగాలనిపించినప్పుడు దిగుదువుగానీ," అంది జోలీన్, పక్క మెట్టు మీద కూర్చుంటూ.

కాలేజీలో రాత్రి భోజనం వడ్డించే వేళవుతోంది. వాళ్లను అలా మెట్ల మధ్యనే వదిలి నేను బయల్దేరాను.