పంపు నాడి

మైత్రీవనం దగ్గర ఎక్కడో సాయిలు ఎడమకాలి చెప్పు జారిపోయింది. పోయిన సంగతి అతనికి ఇల్లు చేరాక, అదీ భార్య సీతాబాయి చూసి అడిగితేగాని తెలియలేదు. ఎండకు తారు మెత్తబడిన మధ్యాహ్నం. కోచింగు పిల్లల గుంపులను తోసుకుంటూ, కరపత్రాలు పంచేవాళ్ళను తప్పించుకుంటూ అంత దూరం ఒంటి చెప్పుతో నడిచొచ్చిన మనిషికి కాలు కాలుతోందని తెలియకపోవడమేమిటని ఎవరికైనా అనుమానం రావాలి. సీతాబాయికీ వచ్చింది. చెప్పు తెగిపోతే పారేసి వచ్చానన్నాడు సాయిలు. తెగింది ఒకటైతే రెండోది కాలికి ఉంచుకొని రావడం ఎందుకని ఆమె అడగలేదు. సంసారం మొదలై నలభై ఏళ్ళు దాటాక, ఏది అడిగితే అబద్ధం వస్తుందో ఆడమనిషికి ముందే తెలిసిపోతుంది.

వాళ్ళ ఇల్లు అమీర్‌పేట వెనక, బల్కంపేటకు పోయే సందుల్లో. పై అంతస్తులన్నీ హాస్టలుకు ఇచ్చేశారు. బాల్కనీల నిండా జీన్సు ప్యాంట్లు ఆరుతుంటాయి, వాటి నీళ్ళు కింద పోయేవాళ్ళ నెత్తిన పడుతుంటాయి. కింది రెండు గదుల్లో వీళ్ళిద్దరే. మెట్ల కింద, మామూలుగా జనం పాత సైకిళ్ళూ విరిగిన కుర్చీలూ పడేసుకునే చోట, సాయిలు దుకాణం. పేరుకే దుకాణం, అందులో అమ్మేదీ కొనేదీ ఏమీ లేదు. ఒక చిన్న లేత్ మిషను, ముక్కల్ని బిగించి పట్టే ఒక వైసు, గోడకు వేలాడే ఆకురాళ్ళు. సనత్‌నగర్‌లో టర్నరుగా పనిచేసి రిటైరైన మనిషి ఇంట్లో చేతులు ముడుచుకొని కూర్చోలేక పెట్టుకున్న రెండో కాపురం అది. సీతాబాయి దాన్ని సవతి అనేది. కొత్తలో నవ్వుతూ అనేది, తర్వాత నవ్వకుండా అనేది.

ఆ దుకాణంలో అతను కడుతున్నది ఒక ఆవిరి పంపు. కూర్చునే పీట మీద మొత్తం పట్టేస్తుంది. ఒక కొసన ఆవిరి సిలిండరు, ఇంకో కొసన నీళ్ళ సిలిండరు, రెండిటినీ కలుపుతూ ఒకే రాడ్డు, మధ్యలో తిరగడానికి ఒక చక్రం. పక్కన చెంబంత రాగి బాయిలరు. ఆవిరి ఇటు తోస్తే నీళ్ళు అటు పైకి లేస్తాయి. పై ట్యాంకు నింపడానికి స్విచ్చు వేస్తే తిరిగే మోటరు ఉంది, బోరు ఎండితే పిలిస్తే వచ్చే ట్యాంకరు ఉంది. మరి ఇదెందుకని అడిగిన ప్రతివాడికీ సాయిలు, ఊకెనే, అని చెప్పేవాడు.

ఊకెనే కాదు. మీసాలు సరిగా రాని వయసులో అతను ఒక బట్టల మిల్లులో పని నేర్చుకోవడానికి చేరాడు. అక్కడ కరెంటు పోయినప్పుడు నడపడానికని పాతకాలపు ఆవిరి పంపు ఒకటి ఉంచారు. దాన్ని చూసుకునే ముసలాయన్ను అందరూ ఉస్తాద్ అనేవారు. మొదటిరోజే ఆయన సాయిలు చెయ్యి పట్టి లాగి, నడుస్తున్న పంపు మీద అరచెయ్యి ఆనించి పెట్టాడు.

"బేటా, మిషన్ మాట చెవితోని కాదు, చేతితోని ఇనాలె."

అరచేతిలో మొదలైన దెబ్బ మోచేతి దాకా, అక్కణ్ణుంచి రొమ్ము దాకా పాకింది. కొట్టుకుంటున్నది పంపో తన గుండెకాయో కాసేపు కుర్రాడికి తెలియలేదు. ఆ తర్వాత ఉద్యోగమంతా ఆ చేతితోనే బతికాడు. బేరింగు పోతోందని, షాఫ్టు వంగిందని ఇంజనీర్లకన్నా ముందు అతని అరచెయ్యి చెప్పేది. మిల్లు పోయింది, ఉస్తాద్ పోయాడు. ఆ దెబ్బను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మళ్ళీ చేతిలోకి తెచ్చుకోవాలని సాయిలు కోరిక. పంపు అందుకు.

చెప్పు పోయిన వారానికి పంజాగుట్టలో డాక్టరమ్మ హైందవి దగ్గరికి ఒంటరిగా వెళ్ళాడు. ఆమె కోస్తా మనిషి, నెమ్మదస్తురాలు. పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను దారంతో పాదం మీద అక్కడక్కడా తాకుతానని, తాకినప్పుడల్లా ‘ఆ’ అనమని చెప్పింది. సాయిలు కళ్ళు మూసుకొని, పరీక్షలో కాపీ కొట్టే పిల్లవాడి లెక్కన అంచనా వేసుకుంటూ, ఆ, ఆ, అంటూ పోయాడు. కొంతసేపటికి ఆమె మంచం అంచున కూర్చుంది.

"సాయిలు గారూ, నేనింకా ముట్టుకోలేదండీ."

షుగరు కాళ్ళ నరాలను తినేసిందట. మోకాళ్ళ దాకా వచ్చింది కాబట్టి ఇక చేతులకూ మొదలవుతుందట. పోయిన స్పర్శ తిరిగి రాదట, ఉన్నదాన్ని కాపాడుకోవాలట. అన్నీ తలూపుతూ విన్నాడు. తిరిగొస్తూ మెట్రో మెట్ల మీద నిలబడి భయపడదామని చూశాడు. భయం కూడా రాలేదు. మొన్న ఊళ్ళో పెద్దన్న చనిపోతే పాడె మోశాడు, అందరూ ఏడుస్తుంటే తను మాత్రం కట్టెలు సరిగా పేర్చారా లేదా అని చూస్తూ నిలబడ్డాడు. గుండె గట్టిమనిషి అన్నారు చుట్టాలు. గట్టితనం కాదని, లోపలెక్కడో కూడా మొద్దుబారిందని సాయిలుకు ఒక్కడికే తెలుసు. ఇంటికొచ్చి సీతాబాయితో, షుగర్ జర ఎక్కువైందంట, అని ఊరుకున్నాడు. ఉన్న మాట చెబితే ఆ సాయంత్రమే దుకాణానికి తాళం పడుతుంది. అంతకుముందు ఒకసారి లేత్ దగ్గర వేలు తెగి, తుడుచుకున్న గుడ్డ ఎర్రబడేదాకా అతను చూసుకోకపోతే, ఇంకోసారి ఇట్లయితే మిషన్‌ను పాతసామాన్లవాడికి వేస్తానని ఆమె తెగేసి చెప్పి ఉంది.

అప్పటినుంచి పని పరుగందుకుంది. చేతులు మొద్దుబారకముందే పంపు పూర్తి కావాలి. పొద్దున చాయ్ తాగి దూరినవాడు అన్నానికి పిలిస్తేగాని బయటికి రాడు. చక్రం అయింది, బాయిలరు అయింది. పిస్టను దగ్గర మాత్రం పని ఆగిపోయింది.

సిలిండరులో పిస్టను బిగువు చూడటానికి వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. ఒక పక్క మూతిని అరచేత్తో మూసి, రెండో పక్కనుంచి పిస్టన్ను వెనక్కి లాగాలి. బిగువు కుదిరితే అరచేతిని లోపలికి గుంజుతుంది. సాయిలు లాగాడు. బరువు తెలుస్తోంది గాని, అది గాలి గుంజే బరువో ఇత్తడి రాపిడో చెప్పాల్సింది అరచెయ్యి. అది నోరు విప్పలేదు. వదులైందనుకొని పిస్టన్ను పక్కన పడేసి కొత్తది చేశాడు. అదీ అంతే. ఇంకొకటి చేశాడు. ఇత్తడి బాగాలేదని రాణీగంజ్ వెళ్ళి వేరే కడ్డీ తెచ్చాడు, ఆకురాయిని తిట్టాడు, కళ్ళద్దాలను తిట్టాడు. బల్ల మీద పనికిరాని పిస్టన్లు వరసకట్టాయి. చివరికి ఒకనాడు వాటివైపు చాలాసేపు చూసి, సీతాబాయిని పిలిచాడు. తన చేతికి నూనె ఉందని, జర నీ చెయ్యి పెట్టమని అడిగాడు.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకొని మూతికి ఆనించింది. అతను లాగాడు. గుంజుతున్నదని చెప్పింది. రెండోది తొడిగి లాగాడు. అదీ గుంజుతున్నదంది. వరసగా అన్నీ తొడిగాడు. అన్నీ గుంజాయి. మొట్టమొదటిదే సరిగ్గా కుదిరింది. ఆమె అరచేతిలో గుండ్రంగా ఎర్రటి అచ్చులు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. తన చేతిలోనూ అలాంటివి ఎన్ని పడ్డాయో, సాయిలు ఎన్నడూ తిప్పి చూసుకోలేదు.

"చెప్పు పోయిన్నాడే నాకెర్క," అంది సీతాబాయి. "నువ్వే చెప్తవని చూసిన."

అతను తల వంచుకున్నాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు, తనకైనా, ఆమెకైనా. రాలేదు.

"ఇది ఒక్కటి కానియ్యి. ఇది తిరిగిన్నాడు గీ దుకాణం బంద్. మళ్ళ మిషన్ ముట్టొద్దు."

సాయిలు సరేనన్నాడు. ఇంకేమంటాడు!

ఆ మిగిలిన రోజుల్లో సవతి ఇంట్లోకి సీతాబాయే కాపురానికి వచ్చింది. బియ్యంలో రాళ్ళు ఏరిన వేళ్ళు ఆమెవి. ఏ ముక్క అంచున గరుకుందో, ఎక్కడ నునుపు కుదిరిందో తడిమి చెప్పేది, అతను అక్కడ ఆకురాయి పెట్టేవాడు. చూస్తూ చూస్తూ పేర్లన్నీ పట్టేసింది. ఇన్నేళ్ళూ ఇదా నువ్వు చేసే ఘనకార్యం, అని ఒకటి రెండుసార్లు ఎత్తిపొడిచింది. అతనికి నవ్వొచ్చింది. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది, అయినా వచ్చింది.

పంపు తిప్పింది ఒక ఆదివారం, భోజనాలయ్యాక. పైన హాస్టలు పిల్లలు గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. పీట కింద తొట్టిలో నీళ్ళు, పైన గొట్టం మూతి కింద ఇత్తడి చెంబు. నిప్పు దగ్గరికి అతన్ని రానివ్వకుండా స్పిరిట్ దీపం సీతాబాయే వెలిగించింది. బాయిలరు కుతకుతలాడింది, సన్నగా బుసకొట్టింది. సాయిలు చక్రాన్ని వేలితో ఒక్కసారి నెట్టాడు. అది సగం తిరిగి ఆగింది, మళ్ళీ నెడితే తిరిగింది, ఇక ఆగలేదు. రాడ్డు ముందుకీ వెనక్కీ పరుగెత్తింది. గొట్టం మూతిలోంచి నీళ్ళు చిమ్మాయి, ఆగాయి, మళ్ళీ చిమ్మాయి. సీతాబాయి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

సాయిలు అరచెయ్యి తుడుచుకొని పంపు మీద, నీళ్ళ సిలిండరు వైపు ఆనించాడు.

ఏమీ లేదు. గోడ మీద పెట్టినట్టుంది. ఇంకా గట్టిగా ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. చెవికి టకటక వినిపిస్తోంది గాని చేతికి ఏ కబురూ లేదు. అక్కణ్ణుంచి చెయ్యి జరిపి, దెబ్బ గట్టిగా ఉండే ఆవిరి సిలిండరు మీద పెట్టాడు. అది నిప్పులా ఉంటుందని జీవితమంతా మిషన్ల మధ్య బతికినవాడికి తెలియక కాదు. తెలిసే పెట్టాడు. కాలినా ఫరవాలేదు, ఏదో ఒకటి తెలిస్తే చాలనుకున్నాడు. కాలడం కూడా తెలియలేదు.

వాసన వచ్చి సీతాబాయి అటు తిరిగింది. ఒక్క గుంజున చేతిని లాగేసింది. అరచెయ్యి మధ్యలో చర్మం తెల్లబడి ముడుచుకుంది. ఆమె ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. సాయిలు తన చేతిని పక్కింటివాళ్ళదేదో చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళ పని ఇందుకు. ఉస్తాద్ ఇచ్చింది పోయింది, ఇక రాదు. దుఃఖం రావాల్సిన చోట ఖాళీగా ఉంది.

ఆమె చెంబును పక్కకు తోసి, ఆ చేతిని గొట్టం మూతి కింద పెట్టింది. నీళ్ళు కాలిన చోట పడుతున్నాయి.

"తెలుస్తుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మణికట్టు పట్టుకొని చేతిని ముందుకు జరిపింది. నీళ్ళు మణికట్టు మీద పడ్డాయి.

"ఇక్కడ?"

లేదన్నాడు. ఆమె అతని చొక్కా చేతిని పైకి మడిచి, ఇంకా జరిపింది. మోచేతి మడత దగ్గర, ఎండ తగలని తెల్లని చోట, నీళ్ళు పడ్డాయి.

సాయిలు ఉలిక్కిపడ్డాడు.

చల్లగా తగిలింది. ఆగింది. మళ్ళీ తగిలింది. మిల్లులో అరచేతికి తగిలిన దెబ్బే. మధ్యలో అంతే ఎడం, అంతే నిబ్బరం. అతను కళ్ళు మూసుకున్నాడు.

"ఆ," అన్నాడు. కొంచెం ఆగి, "ఆ," అన్నాడు.

అతనెందుకలా అంటున్నాడో సీతాబాయికి మొదట అర్థం కాలేదు. తర్వాత గొట్టం మూతి వైపు చూసింది. నీళ్ళు చిమ్మినప్పుడల్లా అంటున్నాడు. చిమ్మనప్పుడు అనడం లేదు. మూసిన రెప్పల కిందనుంచి అతని చెంపలు తడిశాయి. ఏడుపో సంతోషమో అతనికే తెలియదు, ఏదో ఒకటి వచ్చింది. దీపంలో స్పిరిట్ అయిపోయి, చక్రం నెమ్మదించి ఆగేదాకా ఆమె ఆ చేతిని అక్కణ్ణుంచి కదపలేదు.