ఎల్లాజీ చెయ్యి ఏమైంది

క్యాజువాల్టీలో పనిచేసేవాడికి ప్రతి కథా మొదలే తెలుస్తుంది, చివర తెలీదు. తల పగిలి ఒకడు వస్తాడు. కుట్లు వేస్తాం, వార్డుకి పంపేస్తాం. ఆ తరవాత వాడు బాగుపడ్డాడా, తల పగలగొట్టిన బావమరిదితో మళ్ళీ మాటలు కలిశాయా, మనకెవరూ వచ్చి చెప్పరు. ఈలోపు ఇంకొకడు బల్ల మీద పడుకుని మూలుగుతుంటాడు.

నా పేరు అప్పలసూరి. ముప్పై మూడేళ్ళు విజయనగరంలో ఒక ఆసుపత్రిలో డ్రస్సరుగా చేశాను. ఏ ఆసుపత్రో చెప్పను, పెన్షను కాగితాలు ఇంకా చేతికి రాలేదు. డ్రస్సరంటే గాయం కడిగి, మందు పెట్టి, కట్టు కట్టేవాడు. డాక్టర్లు బదిలీల మీద వస్తారు, పోతారు. డ్రస్సరు మాత్రం ఆ గదిలో ఇనపబల్లతో పాటు అక్కడే ఉంటాడు.

అరవై ఎనిమిది మే నెలాఖరుకి నాకు రిటైర్మెంటు. సంతోషంగానే ఉందని చెప్పాలి. అన్నం కలుపుకున్నాక ఎవరో వచ్చి "డ్రస్సరు బాబూ, బేగి రా" అని లేపుకుపోవడం ఉండదు. పండగనాడైనా ఒంటికి డెట్టాలు వాసన లేకుండా కూచోవచ్చు. కానీ ఆ నెలంతా చేతులు ఊరికే ఉండలేకపోయాయి. ఇంట్లో పాత పంచెలు చింపి కట్టుగుడ్డల్లాగా చుట్టి పెడుతుంటే మా ఆవిడ నీలవేణి నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఇంట్లో ఎవులికీ దెబ్బలు తగలవు. రేపట్నించి ఏటి సేస్తావు? నన్ను తోసీసి కట్టు కడతావా?" అంది.

నవ్వాను గానీ, నా మనసులో ఉన్నది దానికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. పని వదిలి వెళ్ళేలోపు నాకొక్క సంగతి తెలియాలి. ఎల్లాజీ చెయ్యి ఏమైంది? ఎల్లాజీ బతికాడా, నా మూలంగా చచ్చిపోయాడా?

యాభై నాలుగులో సంగతి ఇది. భోగాపురం అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి ఎల్లాజీ అనే కుర్రవాణ్ణి ఎడ్లబండి మీద తెచ్చారు. తెప్ప ఒడ్డుకి తోసేటప్పుడు కుడిచెయ్యి దుంగల మధ్య పడి నలిగిపోయింది. అప్పటి డాక్టరు గణపతిరావు గారు చూసి, పొద్దున్న మోచేతి కింద తీసేద్దాం అని నర్సుతో ఇంగ్లీషులో చెప్పి, కాగితం మీద రాసి ఇంటికెళ్ళారు. నేను మరిగించిన ఉప్పునీళ్ళతో ఆ చెయ్యి కడుగుతూ కూర్చున్నాను. గంటగంటకీ కడిగాను. ఏడు కుట్లు వేశాను. వేళ్ళ కొసలు పట్టుకుని చూస్తే వెచ్చగా ఉన్నాయి. నాకు ఆశ పుట్టింది. గోడవార కూర్చున్న తల్లితో, "వేళ్ళు ఎచ్చగున్నాయమ్మా. సెయ్యి తియ్యక్కర్నేదేమో" అన్నాను.

తెల్లారి చూస్తే మంచం ఖాళీ. చెప్పాపెట్టకుండా కొడుకుని తీసుకుని వెళ్ళిపోయింది.

గణపతిరావు గారు కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది. చేతులు కడుక్కుంటూ, "డాక్టరు పని నువ్వు చేశావు. వారంలో కుళ్ళు పైకెక్కి పోతాడు. నీ నోటి మాటకి ఒక ప్రాణం పోతుంది, అప్పలసూరీ" అన్నారు.

అంతకుముందు నేను సాయంత్రం డ్యూటీ దిగగానే వార్డుల్లో తిరిగేవాణ్ణి. నేను కట్టిన కట్టు ఎలా ఉంది, వాడు గంజి తాగాడా అని అడగడం నాకు సరదా. ఆ రోజు నుంచి వార్డు మెట్లు ఎక్కలేదు. డాక్టర్ల ముందు నోరెత్తలేదు. ఇలా కట్టు అంటే ఇలా, అలా అంటే అలా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మూసుకున్న నోటిని మించిన మంచి నోరు ఏముంటుంది? అప్పలసూరంత బుద్ధిమంతుడు లేడని పేరు కూడా వచ్చింది.

ఇక ఆఖరిరోజు ఇంకొక్కటే ఉందనగా జరిగింది అసలు సంగతి.

మే ముప్పై. పదకొండు గంటలకే వీధిలో కాకి లేదు. ఒక ముసలామెని రిక్షాలో వేసుకుని తాతమ్మ అనే ఆవిడ వచ్చింది. ఇద్దరూ ఎండుచేపల గంపలు నెత్తిన పెట్టుకుని తెల్లవారుజామున పల్లెలో బయల్దేరారట. ఊరి పొలిమేరలో ముసలామె కూలిపోయింది. పేరు దాలమ్మ. స్పృహ లేదు, మూతి చుట్టూ వాంతి.

డ్యూటీలో ఉన్నది పద్మకుమారి గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి పది రోజులైంది. చిన్నది గానీ చురుకైన మనిషి. నోరు తెరిచి టార్చిలైటు వేసి చూసింది. చూసి ఒక్కసారి వెనక్కి తగ్గింది. నేనూ తొంగిచూశాను. అంగిలి అంతా తెల్లగా, ఎండిన మడిచెక్కలాగా బీటలు వేసి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు.

"ఇంట్లో ఏమైనా గొడవ జరిగిందా?" అని తాతమ్మని అడిగింది.

"కోడల్తో రోజూ గొడవేనమ్మా. ఇయ్యాల కూడా అయినాది" అంది తాతమ్మ.

పద్మకుమారి గారు నా వైపు తిరిగి, "యాసిడ్ తాగింది. నోరంతా కాలిపోయింది. ఇక్కడ మనవల్ల కాదు, విశాఖపట్నం పంపాలి. వ్యాను పిలవండి. పోలీసులకి కాగితం రాస్తాను" అంది.

నేను దాలమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను. పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. చెమట చుక్క లేదు. అది వడదెబ్బ. ఆ నోరు యాసిడ్డుది కాదని నాకు తెలుసు. మా అమ్మ నోరు అలాగే ఉండేది. మా గజపతినగరం వైపు ఆడవాళ్ళూ, సముద్రం ఒడ్డు ఆడవాళ్ళూ చుట్ట తిరగేసి కాలుస్తారు. నిప్పు నోట్లో, పీక బయట. అడ్డపొగ అంటాం. గాలిలోనైనా, గంప మోస్తున్నా నిప్పు ఆరదు, బూడిద ఎవరి మీదా రాలదు. ముప్పై నలభై ఏళ్ళు అలా కాలిస్తే అంగిలి అలాగే తయారవుతుంది. గుంటూరు నుంచి వచ్చిన పిల్లకి ఈ సంగతి ఏ పుస్తకంలో ఉంటుంది?

మిట్టమధ్యాహ్నం ఆ రేకువ్యానులో వేస్తే ఈవిడ విశాఖపట్నం చేరదు. ఆ సంగతీ నాకు తెలుసు.

అయినా నోరు రాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, కాళ్ళు వ్యాను వైపే నడిచాయి. గుమ్మం దాకా వెళ్ళాను. నీ నోటి మాటకి ఒక ప్రాణం పోతుంది అన్న మాట చెవిలో పడుతూనే ఉంది. పడుతూనే ఉన్నా ఇంకొకటి కూడా తోచింది. రేపటి తరవాత నన్ను తిట్టడానికి ఏ డాక్టరూ ఉండడు కదా!

వెనక్కి తిరిగాను.

"అమ్మా, ఒక్క మాట సెప్తాను, కోప్పడకండి. అది యాసిడ్డు కాదు. అడ్డపొగ. సుట్ట తిరగేసి కాలుస్తారు మా వోళ్ళు. తాతమ్మా, నీ నోరు తెరువు, డాక్టరమ్మ సూస్తాది."

తాతమ్మ వింతగా చూసి నోరు తెరిచింది. పద్మకుమారి గారు టార్చి వేసింది. అదే తెలుపు, అవే బీటలు, అవే ఎర్రచుక్కలు.

ఆవిడ పరుగున వెళ్ళి థర్మామీటరు తెచ్చి పెట్టింది. నూటారు. ఇక ఆ గది గది కాదు. దుప్పట్లు తడిపి కప్పాం, సెలైన్ ఎక్కించాం, సోడాకొట్టు నుంచి ఐసు తెప్పించాం, ఉన్న రెండు ఫ్యాన్లూ ఆవిడ మీదకే తిప్పాం. మూడు గంటల వేళ దాలమ్మ కళ్ళు తెరిచి, "నా గంప ఏదే?" అంది. పద్మకుమారి గారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాకూ వచ్చాయి, నేను గోడ వైపు తిరిగాను.

ఆవిణ్ణి వార్డుకి పంపేశాం. స్ట్రెచరు ఆ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం ఐదింటికి నాకు దండ వేశారు. ఒక గొడుగు ఇచ్చారు. ఎవరో అప్పలసూరి ఎదురుచెప్పి ఎరగడని పొగిడారు. పద్మకుమారి గారు మాత్రం నా వైపు చూసి చిన్నగా నవ్వింది. అందరూ వెళ్ళాక గొడుగు పట్టుకుని గేటు వైపు వెళ్ళాలి. వెళ్ళలేకపోయాను. దాలమ్మ ఏమైంది? లేచి కూచుందా? పద్నాలుగేళ్ళుగా కట్టేసి ఉంచిన ఆ కుతూహలం తాడు తెంపుకుంది. వార్డు మెట్లు ఎక్కాను.

వార్డు గుమ్మంలో వార్డుబాయ్ ఎర్రన్న అడ్డం నిలబడ్డాడు. నాతో ఇరవయ్యేళ్ళు పనిచేసినవాడే. "ఆరింటికి గంట కొట్టేస్తాను, బేగి సూసుకుని వొచ్చీ మావా. ఇప్పుడు నువ్వు కూడా బయటోడివే" అని పళ్ళు ఇకిలించాడు. నవ్వాను గానీ, గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది.

దాలమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మంచీచెడూ అడిగాను. ఊరేదంటే భోగాపురం అవతల పల్లె అంది. నేను ఇంకొంచెం దగ్గరికి జరిగాను.

"మీ వైపు ఎల్లాజీ అని ఒక గుంటడు ఉండేవోడు. పద్నాలుగేళ్ళ కిందట కుడిసెయ్యి నలిగిపోతే ఇక్కడికే తెచ్చినారు…"

"నా కొడుకే!" అంది దాలమ్మ.

"ఉన్నాడా?"

"ఉండకేటి? కింద సోడా తాగతన్నాడు. నా కోడలు కంటికి కనబడకూడదని ఇక్కడే తిరగతన్నాడు."

నేను మంచం కోడు పట్టుకున్నాను. ఆవిడ చూడలేదు, చెప్పుకుపోతోంది. ఆ రోజు తెల్లవారకుండా ఎందుకు వెళ్ళిపోయారని అడిగాను.

"మరేటి సెయ్యమంతావు? సుట్ట కాల్సనివ్వనేదు కదా! ఒక నర్సమ్మ నా నోట్లోంచి లాగీసి కాలవలో పారేసింది. సుట్ట నేకుండా ఒక పూట ఉండగల్ను గానీ ఒక రేతిరి ఉండనేను. బండి కట్టించీసి, కొడుకుని ఏసుకుని ఎలిపోనాను."

"సుట్ట కోసమా?"

"మరి?"

"సెయ్యి తీసేస్తారని నీకు తెల్దా?"

"ఎవులు సెప్పినారు? ఇంగిలీసులో మాటాడుకున్నారు."

"నాను నీతో ఒక మాట అన్నానమ్మా. సెయ్యి తియ్యక్కర్నేదేమో అని."

దాలమ్మ నా మొహంలోకి చూసింది. ఎక్కడో చూసినట్టుందని తడుముకుంది. "ఏమో బాబూ. నాకినబడనేదు. సుట్ట నేక సెవులు గింగురుమంతన్నాయి ఆయేళ. నువ్వు ఉప్పునీల్లు కాసి గంటగంటకీ కడుగుతుంటే సూసినాను. ఇంటికాడ అలాగే నెల్లాళ్ళు కడిగినాను. నీ మాట ఎవులిన్నారు గానీ, నీ సేతులు సూసినాను."

ఎల్లాజీ వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, జుట్టు ఎర్రబారింది. ఎవరో ఏమిటో చెప్పకుండానే అతని కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. ఏడు కుట్ల మచ్చ. నాలుగోది వంకర. ఆ వంకర నాదే.

"ఈ రెండు యేళ్ళూ ముడవ్వు బాబూ. వల లాగడానికి ఏటీ ఇబ్బంది నేదు" అన్నాడతను, చెయ్యి నా చేతిలోనే వదిలేసి.

నేను ఏడ్చేశాను. సంతోషంతోనే మొదలైంది. మధ్యలో ఎందుకో ఒళ్ళు మండింది. ఒక చుట్టముక్క కోసం వెళ్ళిపోయిన మనుషుల్ని నా మాట చంపిందని పద్నాలుగేళ్ళు నోరు కుట్టేసుకున్నాను. గణపతిరావు గారిదేం పోయింది, ఆయన మర్నాడే మరిచిపోయి ఉంటాడు. నమ్మింది నేను. ఆ పద్నాలుగేళ్ళలో నాకు తెలిసీ ఊరుకున్నవి ఎన్ని? తాటిచెట్టు మీంచి పడ్డవాణ్ణి డాక్టరు లేపి కూచోబెడుతుంటే, మెడ విరిగిందని తెలిసి కూడా నోరెత్తకుండా వాడి తల పట్టుకుని నిలబడ్డాను. వాడేమయ్యాడో నాకు తెలీదు. తెలుసుకోలేదు. ఇలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ కథల చివర ఏ సోడా కొట్టు దగ్గరా దొరకదు.

ఎర్రన్న గంట కొట్టాడు. చూడవచ్చినవాళ్ళతో పాటు నేనూ మెట్లు దిగాను. గేటు దాకా వెళ్ళి, గొడుగు చంకలో పెట్టుకుని, మళ్ళీ క్యాజువాల్టీలోకి నడిచాను. బల్ల ఖాళీగా ఉంది. పద్మకుమారి గారు ఏదో రాసుకుంటోంది.

"ఇంకా ఇంటికి వెళ్ళలేదా అప్పలసూరి గారూ?"

"మీకు ఒక మాట సెప్పాలమ్మా" అన్నాను. "ఒకటి కాదు. పద్నాలుగేళ్ళవి ఉన్నాయి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కలం మూసింది. కాలితో స్టూలు నా వైపు జరిపింది.

"ముందు తాటిసెట్టు మీంచి పడ్డోడి సంగతి" అని కూర్చున్నాను.