పోలయ్య కట్టుకొనని యెర్రత్రాడు

మార్గశీర్షమాసపు ప్రభాతమున మంచుతెరలు మెల్లమెల్లగా విడివడుచుండగా కాకినాడ సముద్రశాఖ తోమిన కంచుపళ్లెమువలె నిశ్చలమై మెరయుచుండెను. దూరమున మడయడవుల నీలిరేఖ నీటిపై తేలియాడునట్లు కనబడుచుండెను. వలలు కట్టుటకై జాలరులు పాతిన వెదురుగడల కొనలపై నీటికాకులు రెక్కలు విప్పి యారబెట్టుకొనుచుండెను. అట్టి ప్రశాంతసమయమును నిలువునా చీల్చుచు శ్వేతఫేనపుచ్ఛమును వెనుక నీడ్చుకొనుచు మహావేగమున పోవుచున్న యొక నౌకనుండి మోటారుమ్రోతను సైతము మించి యొక స్త్రీకంఠము వినవచ్చెను.

“మావయ్యా! ఇంజిను రేజు తగ్గించు! మలుపుకి ముందు తగ్గించాలి, మలుపులో కాదు! ఎన్నిసార్లు సెప్పాలి నీకు?”

నీటికాకులన్నియు నెగిరిపోయెను.

ఆ కంఠము మైలపల్లి నూకరత్నముది. ముప్పదియేండ్లైన నిండని యీమె సముద్రరక్షణకై నియమింపబడిన వేగనౌకలను నడుపుట నేర్పు శిక్షకురాలు. ఎందరో మొండిఘటములను దారికి దెచ్చిన యీ నారీమణి యిప్పుడు తలపట్టుకొని కూర్చుండుటకు కారణము నౌకాచక్రమును చేబూని యామె ప్రక్కనున్న శిష్యుడే. అతడు కోనపాలెపు పడవలవారికి పెద్ద తండేలును ఆమెకు స్వయానా మేనమామయు నగు గరికిన పోలయ్య. పరాయివాడైనచో తిట్టవచ్చును. తల్లికి తోడబుట్టినవాని నేమనగలదు?

వదలి వెళ్లుటకును వీలులేదు. నిరుటి కార్తికమున పోలయ్యకు అన్నయగు దేముడనువాడు చేపలవేటనుండి మరలివచ్చుచు పెనుగాలికి పడవ తలక్రిందులు కాగా ఖాళీడబ్బా నొకదానిని కౌగిలించుకొని యూరికెదురుగనే నీట తేలియుండెను. ఊరి పడవలు గాలికెదురేగజాలక వెనుదిరిగెను. పట్టణరేవు దూరమగుటచే రక్షణనౌక చేరుసరికి డబ్బా మాత్రమే మిగిలెను. అప్పుడు పోలయ్య పట్టుబట్టి కచేరీల చుట్టు తిరిగి కోనపాలెమునకొక వేగనౌకను మంజూరు చేయించెను. అయితే దానిని నడుపుటకు ఊరివాడొకడు పరీక్షయందు కృతార్థుడు కావలయును. లేనిచో నౌక వేరొక రేవునకు పోవును. ఊరంతయు నేకకంఠముతో పోలయ్య పేరే చెప్పెను. ఆ పరీక్ష మరునాడే.

పోలయ్యకు సముద్రము తెలియును, గాలి తెలియును, ధైర్యమునకు కొదువ లేదు. కొదువయెల్ల చేతులయందే. అవి యౌవనమునుండి పడవ వెనుక నిలిచి చుక్కానికర్రను పట్టిన చేతులు. కర్రను కుడికి త్రోసిన పడవ యెడమకు తిరుగును. చక్రమును కుడికి త్రిప్పిన నౌక కుడికే తిరుగును. తీరికవేళ పోలయ్యబుద్ధి యీ భేదమును చక్కగా నెరుగును. తత్తరపాటు కలిగినంతనే చేతులు బుద్ధి నడుగుట మానివేయును.

రెండవ చిక్కు ఎర్రత్రాటిది. నౌక నడుపువాని మోకాటికి ఒకకొన తగిలించి రెండవకొన మోటారుమీటలో దోపెడి యీ చుట్టలత్రాడు నడుపువాడు నీట పడినచో ఊడివచ్చి తత్క్షణమే మోటారు నాపివేయును. కాని కోనపాలెపు జాలరులు తమ పడవలలో నిది వలలకు చిక్కుపడుచున్నదని కొన్ననాడే పారవైచి దానికి బదులుగా వలత్రాటిముక్క నొకదానిని మీటక్రింద బిగించుట యాచారము. మనిషి యున్నను లేకున్నను ఆ మోటారు ఆగదు.

నూకరత్నము కూడ ఆ యూరిదే గనుక ఆ యాచారము నెరుగును. అందుచేతనే వంగి మీటక్రింద చూచెను. చూచి నౌక నాపించెను.

“ఇదేటి మావయ్యా?”

“ఏటి? వలతాడు ముక్క.”

“ఎర్రతాడేదీ?”

“కాలికి సుట్టుకుంటందే. లేసినప్పుడల్లా ఇంజిను సచ్చిపోతంది. దూడని గుంజకి కట్టినట్టు నన్ను కట్టేత్తానంటావేటి?”

“నువ్వు నీట్లో పడితే?”

“నేనా? పడతానా?” అని పోలయ్య యాకసమును చూచి నవ్వెను. “నీ బారసాలనాడు నా ఒళ్లో ఉచ్చ పోసేవు. ఇయ్యాల నాకే పాటాలు సెప్తన్నావు.”

“బోటెక్కిన కాణ్ణుంచీ ఆ ఉచ్చ మాటే సెప్తన్నావు. నాకు అరవయ్యేళ్లొచ్చినా అదే సెప్తావు. తాడు కట్టుకుంటావా, ఒడ్డుకి ఈదుకెళ్తావా?”

ఆమె వలత్రాటిముక్కను పెరికి నీటిలో విసరివైచి ఎర్రత్రాటిని మామ మోకాటికి స్వయముగ తగిలించి మరల బయలుదేరుమనెను. అనంతర మామె ముఖము ప్రక్కకు త్రిప్పి తీరమునకు వైర్‌లెస్సులో సమాధానము చెప్పుచున్న యించుకసేపులో పోలయ్య మొలలో దోపుకొన్న మరియొక ముక్కను తీసి మీటక్రింద బిగించి యెర్రత్రాటిని విప్పి మోకాటిక్రింద దాచుకొనెను. వలముడి వేయుటయందు అతనిని మించినవాడా తీరమున లేడు. కంటితో చూడకయే చేసెను. ఇట్టివానికి ఏమి చెప్పవలయును? ఎవరు చెప్పవలయును?

నౌక ముక్కు పైకెత్తి వేగము నందుకొనెను. నీరు గాజుపలకవలె క్రింద జారిపోవుచుండెను. అంతలో మంచులోనుండి యెదుట నొక వెదురుగడ ప్రత్యక్షమయ్యెను.

ఎడమకు తప్పించుకొనవలె ననుకొని పోలయ్య చక్రమును కుడికి లాగెను. నౌక సూటిగా గడవైపునకే మరలెను. “ఎడమకి! ఎడమకి!” యని నూకరత్నము కేకవేయగా పోలయ్య రేజు తగ్గింపకయే చక్రమును రెండవవైపునకు మొదలంట త్రిప్పెను. మహావేగమున పోవుచున్న నౌక ప్రక్కకొరిగి నీటిని కరచిపట్టినట్లై గిరుక్కున తిరిగెను. మామయు మేనకోడలును పిడికిట విసరిన గవ్వలవలె గాలిలోని కెగసి నీట పడిరి.

మోటా రాగలేదు.

మనుష్యులు లేని యా నౌక ఒక ప్రక్కకొరిగి గర్జించుచు వారి చుట్టును వలయముగా తిరుగ నారంభించెను. ప్రతి చుట్టునకును వలయము ప్రక్కకు జరుగుచుండెను. ప్రాణకవచములు తొడిగియుండుటచే మునిగి తప్పించుకొనుటకును వీలులేదు. తొలిసారి అది పోలయ్యకు బారెడుదూరమున పోయెను. మలిసారి నూకరత్నమువైపునకే రాగా పోలయ్య ఆమె కవచపు మెడపట్టీ పట్టి తనవైపునకు లాగెను. రెక్కలచక్రపు సుడినీరు ఇరువుర ముఖములపై కొట్టెను.

సమీపమున చిన్నపడవలో వల తీయుచున్న కోనపాలెపు జాలరి సింహాద్రి నోరుతెరచి నిలువబడియుండెను.

“సింవాద్రీ! వల ఇడిసెయ్! దాని దారికడ్డంగా ఇడిసెయ్!” అని పోలయ్య యరచెను.

“కొత్త వల మావా! నిన్ననే దించేను!”

“నీ వల నేనల్లుతాన్రా! నా కోడల్ని నువ్వు తేగలవేట్రా? ఇడువ్!”

సింహాద్రి రెండుచేతులతో వలకుప్ప నెత్తి నౌక రాబోవు దారిలోనికి విసరెను. పోలయ్య జన్మమంతయు వల మోటారులో పడరాదని తిట్టిన తిట్లకు లెక్కలేదు. నేడా వల మోటారులో పడవలెనని గంగమ్మకు మ్రొక్కెను. నౌక వలపైకి దుమికెను. రెక్కలచక్రము దానిని నమిలి మింగి చుట్టుకొని యొక్కమారు కీచుమని మూలిగి నిలిచిపోయెను.

నూకరత్నము రొప్పుచు నౌకాపార్శ్వమును పట్టుకొనెను. పిమ్మట మెల్లగా ననెను.

“కాలు సూపించు మావయ్యా.”

పోలయ్య చూపలేదు.

“రేపు పరీక్షకి నువ్వు రావద్దు.”

“మరి బోటు?”

“ఇంకో ఊరికి పోద్ది.”

పోలయ్య నౌకను తీరమునకు లాగించి నడుములోతు నీటిలో నిలిచి రెక్కలకు చుట్టుకొన్న వలను పోగుపోగుగా కత్తితో కోసెను. ఎవరినీ సాయము పట్టనీయలేదు. నూకరత్నము మధ్యాహ్నము తన సామాను సర్దుకొనుటకు వచ్చి చూచునప్పటికి కట్టివేసిన నౌకలో అతడు ఎర్రత్రాడు మోకాటికి తగిలించుకొని కన్నులు మూసికొని చక్రమును అటునిటు త్రిప్పుచుండెను. “ఎడమ... ఎడమకే. కర్ర కాదెహె, ఎడమకే!” యని తన చేతులనే తాను కసరుకొనుచుండెను. ఎంతసేపటినుండియో గాని చొక్కా చెమటకు తడిసి వీపున కంటుకొనియుండెను.

ఆమె పండ్లు కొరికికొనెను. సంచి క్రింద పడవైచెను.

“లే... కాదు, లేవకు. కూకో. ఇంకొక్కసారి. ఒక్కటంటే ఒక్కటే.”

ప్రొద్దు వాలుచుండగా వారా గడలనడుమకే మరల పోయిరి. పోలయ్య మలుపునకు ముందే రేజు తగ్గించెను. ఎదుట నడ్డుగడ రాగానే నూకరత్నము పెదవి కదపకయే చక్రము తిరుగవలసినవైపునకు తిరిగెను. అలను ముక్కుతో మెల్లగా నెదుర్కొనెను. ఆమె తప్పు పట్టుటకు వెదకి వెదకి విసిగిపోయెను. అట్లు అంతయు చక్కగా జరుగుచుండ ఊరికెదురుగా వచ్చినపుడు పోలయ్య దేనినో చూచుటకై దిగ్గున లేచి నిలిచెను. త్రాడు లాగబడి ఊడెను. మోటారు టక్కున నాగిపోయెను.

“సచ్చింది! ఇదిగో, ఇందుకే నేను...” అని విసుగుతో మొదలిడిన పోలయ్య మాట మధ్యలోనే నిలిచిపోయెను.

సముద్రముపై నిశ్శబ్దము పరచుకొనెను. ముప్పదియేండ్లుగా మోటారుమ్రోతలోనే యీ నీటిని దాటినవాని చెవికి ఆ నిశ్శబ్దము క్రొత్త. అందు ఊరు వినవచ్చెను. ఎవతెయో మేకను పిలుచుచుండెను. చేపలకై మంచుగడ్డలు దంచు చప్పుడు వినబడుచుండెను. కొళాయివద్ద ఇరువురు స్త్రీలు బిందెలకై కలహించుచుండగా వారి తిట్లు సైతము స్పష్టముగ తెలియుచుండెను.

“ఇక్కడేనే అన్నయ్య ఉన్నాడు,” అని పోలయ్య పలికెను. “ఒడ్డునుంచి మేం అరిసిందంతా ఆడికి ఇనపడిందే. వత్తన్నాం, వత్తన్నాం అని అరిసేం.”

నూకరత్నము వంగి జారిపడిన త్రాటికొనను వెదకి అతనిచేతి కిచ్చెను. పోలయ్య దానిని మీటలో దోపి మోకాటికొన బిగిసియున్నదో లేదో తానే లాగి చూచుకొనెను.

మరునాడు పరీక్షాధికారి సంతుష్టుడై నౌకాపార్శ్వమున కోనపాలెము పేరు వ్రాయ ననుజ్ఞ నొసగెను. నాటినుండి పోలయ్య తన యింటి యరుగుపై కూర్చుండి సింహాద్రికి క్రొత్తవల అల్లుచుండ అతని మోకాటినుండి ఎర్రత్రాడు వ్రేలాడుచునే యుండెడిది. విప్పుట మరచితివా యని యడిగినవారిని అతడు కసరెడివాడు. ఏ క్షణమున సముద్రమునుండి కేక వినవచ్చునో యెవరెరుగుదురు? వచ్చినపుడు కట్టుకొనుటకు తీరిక యుండదు.