బ్లీచింగ్ చల్లిన కాలువ

శాంతకుమారి తన భర్త సంచి సర్దుతోంది. చేతివల, తెల్ల పింగాణీ పళ్లెం, మూతల సీసాలు, మంచినీళ్లు, బీపీ బిళ్లలు. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా ఆమెకు బెంగే.

"గుణదల నుంచి ఆటోనగర్‌కేగా శాంతా, కాశీకి పంపుతున్నట్టు సర్దుతావేం?" అన్నాడు దత్తాత్రేయ. రిటైరైన జువాలజీ లెక్చరర్ ఆయన.

"అయితే నేనూ వస్తా," అని చెప్పులేసుకుంది.

ఆటోనగర్ వెనక కాలువలో, పాత బ్యాటరీలు విప్పే షెడ్లవాళ్లు ఏళ్ల తరబడి యాసిడ్ పారబోశారు. నత్తల గుల్లలు కరిగిపోయాయి. నీళ్లలో పురుగన్నది లేకుండా పోయింది. దత్తాత్రేయ ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టి ఆ పని ఆపించాడు. వానలు కడిగాక నత్తలొచ్చాయి, వాటి వెనకే తూనీగలొచ్చి నీళ్లలో గుడ్లు పెట్టాయి. మొన్న ఆదివారం వలేసి తీస్తే, రెక్కలు రాక ముందు నీళ్లలోనే పెరిగే తూనీగ పిల్లలు పళ్లెంలో పాకుతుంటే ఆయన పసివాడిలా నవ్వాడు.

ఇప్పుడా కాలువను మున్సిపాలిటీ వాళ్లు సిమెంటు పలకలతో మూసి మురుగుకు వదిలేద్దామంటున్నారు. ఇవాళ వచ్చే అధికారులకు ఆ పిల్లల్ని చూపిస్తే, కాలువ బతికే ఉందని ఆగుతారు.

గట్టెక్కేసరికి ముక్కులు మండాయి. గట్టంతా తెల్లటి సున్నం గీతలు. నీళ్లు విరిగిన పాలలా ఉన్నాయి. షెడ్ల సంఘం పెద్ద వెంకటకృష్ణారావు ఎదురొచ్చాడు.

"చూశారా మాస్టారూ! ఆఫీసర్లొస్తున్నారని పొద్దున్నే బస్తాలకు బస్తాలు బ్లీచింగ్ కొట్టించాం. మినిస్టర్ గారొచ్చినప్పుడు కూడా ఇంత చేయలా!"

"నీళ్లలో కూడానా?"

"అసలు కంపంతా అక్కడేగదండీ! పురుగూ పుట్రా మొత్తం పోయింది."

దత్తాత్రేయ వల ముంచాడు. పళ్లెంలో తూనీగ పిల్లలు పాలిపోయి, కాళ్లు ముడుచుకుని తేలాయి. నత్తలు గుల్లల్లోంచి చీమిడిలా వేలాడుతున్నాయి. శాంతకుమారి మొహం తిప్పుకుంది. ఆ కంపుకు కాదు, ఎదురుగా మెప్పు కోసం చూస్తున్న వెంకటకృష్ణారావు మొహానికి.

"యాసిడ్ పోసి చంపారు. ఎలాగో బతికొస్తే, మర్యాద చేసి మళ్లీ చంపారు. థూ!"

"అదేంటమ్మగారూ, మాస్టారి మాట నిలబడాలనేగా చేసింది!" అతను నిజంగానే నొచ్చుకున్నాడు.

అధికారులు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని పళ్లెంలోకి చూశారు. "మొన్నటిదాకా బతికే ఉన్నాయండీ," అన్నాడు దత్తాత్రేయ. "ఇప్పుడు లేవు కదండీ," అన్నారు వాళ్లు. పలకలు వేయడానికి సంతకం పెట్టి, వెంకటకృష్ణారావు తెప్పించిన కొబ్బరినీళ్లు తాగి వెళ్లిపోయారు.

నెల తిరక్కుండా కాలువ మూసేశారు. తూనీగలు తిరిగి రాలేదు. కాలువ మూసేసిన 2024 నవంబరు తర్వాత ఆ గట్టున ఒక్కటీ వాలలేదు.