కుట్టుమిషను పక్కన కౌన్సిలరు

మా ఆవిడ కౌన్సిలరు. నేను దర్జీని. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మునిసిపాలిటీ ఖర్చు తలకు మించిందని, సభ్యుల సంఖ్యను సగానికి తగ్గించాలని ఛైర్మన్ తీర్మానం తెచ్చారు. ఆయన మా ఆవిడకు స్వయానా పెద్దనాన్న. అయినా ముందు ఎగిరిపోయేది రైలు పట్టాల అవతలున్న మా వార్డే. దాన్ని మార్కెట్ వార్డులో కలిపేస్తారట. రేపు కుళాయి రాకపోతే పట్టాలు దాటి వెళ్లి ఎవరిని అడగాలి? నాకు ఒళ్లు మండిపోయింది.

పొదుపు మార్గం వెతకడానికి అంతకుముందే ఒక కమిటీ వేశారు. కమిటీకి ఒక గది అద్దెకు తీసుకున్నారు. గదికి ఏసీ, ఆ ఏసీ వేసి ఆపడానికి ఒక బంట్రోతు. ఇంత తెలివి మా పెద్దలకే సొంతం!

"సభలో ఏం మాట్లాడతావ్?" అని అడిగాను.

"నీ కత్తిరింపు బల్లకి అటువైపు నాకిస్తావా?" అంది.

"దేనికి?"

"ఇస్తావా, లేదా?"

ఇవ్వక ఛస్తానా!

సభ రోజున నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. తన వంతు రాగానే మా ఆవిడ మునిసిపాలిటీ తనకిచ్చిన గది తాళంచెవి తీసి ఛైర్మన్ ముందు పెట్టింది.

"నా గది తీసుకోండి, కారూ తీసుకోండి. మా ఆయన కొట్లో కూర్చుని జనాన్ని కలుస్తాను. మన గదుల కోసం అద్దెకు తీసుకున్న ఆ రెండో బిల్డింగు వదిలేద్దాం. మనుషుల్ని మాత్రం తగ్గించకండి, పెద్దనాన్నా."

వెనక వరసలోంచి ఒకాయన లేచి తన తాళంచెవి కూడా పెట్టాడు. తర్వాత ఇంకొకామె. కొందరు జేబులు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు, వాళ్ల మొహాలు నేను మర్చిపోను. చేతులెత్తమన్నప్పుడు తీర్మానం వీగిపోయింది, బిల్డింగు వదిలేయాలన్నది నెగ్గింది. సంతోషంతో నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇప్పుడు నా కొట్టు కొట్టులా లేదు. మురుగు కాలువ గురించి చెప్పడానికి వచ్చినవాళ్లు పనిలోపనిగా చొక్కా కొలతలిచ్చి పోతున్నారు. పక్క వార్డులవాళ్లూ వస్తున్నారు. కత్తెర ఎక్కడ పెట్టానో నాకే తెలియడం లేదు.

నిన్న ఛైర్మన్ గారు నడుచుకుంటూ వచ్చారు.

"చొక్కా కుట్టాలా మామయ్యగారూ?"

"కాదు అల్లుడూ. నా గదికి ఇప్పుడెవరూ రావట్లేదు." బెంచీ వైపు చూశారు. "ఇక్కడ కాస్త చోటుంటుందా?"

నేను లేచి కుట్టుమిషను గోడకు జరిపాను.