నా గొంతు వింటేనే

మా పాప కెజియా పల్చబడి పల్చబడి కనపడకుండా పోతుందేమోనని నాకు అన్నిటికంటే భయం. ఈ రోజు దాన్ని ఒక్క పొరకి ఒలిచేశారు.

నేను చిప్పుల ఫ్యాక్టరీలో నేల తుడుస్తాను. పిల్లని పక్కగదిలో కూర్చోబెడతాను. అక్కడ ఫణీంద్ర సారు నల్లరాయికి టేపు అంటించి, లాగి, పొరలు తీస్తుంటారు. రాయి అయిపోతే పిల్లకి అంటించారు. ఇప్పుడది గాజుపలక మీద ఉంది. ఎదురుగా చూస్తే నవ్వుతోంది. పక్కనుంచి చూస్తే లేదు.

"చిప్పులో కరెంటుని ఆపే సిలికాన్ తలుపుల్ని మరీ చిన్నవి చేశాం రూతమ్మా," అంటారు సారు. "మూసినా కరెంటు కారిపోతోంది. మీ పాప ఒక్క పొర. చుక్క కారదు."

"మీ అబ్బాయిని పెట్టుకోండి."

"వాడు బొద్దుగా ఉంటాడమ్మా. టేపుకి రాలేదు."

కెజియాని చిప్పులో తలుపుగా దించుతారు. నేను బడి మానేసేటప్పటికి కరెంటు పాఠం ఇంకా రాలేదు, అందుకే దాన్ని చూడ్డం ఇదే మొదలు. బస్సెక్కే జనంలా తోసుకుంటూ వస్తోంది. సారు తియ్యమంటే పిల్ల తీస్తోంది, మూయమంటే మూస్తోంది, రెప్పపాటులో కోటిసార్లు. దానికి ఊపిరాడడం లేదు.

దాన్ని ఒక్కదాన్నే ఇంట్లో ఉంచి కుళాయికి వెళ్ళేటప్పుడు చెప్పే మాటే చిప్పు మీది అద్దానికి నోరు ఆనించి చెప్తాను.

"ఎవరు పిలిచినా తియ్యకు. నా గొంతు వింటేనే తియ్యి."

కెజియా మూసుకుంటుంది.

సారు బిస్కెట్టు ఇస్తామంటారు. తియ్యదు. నా గొంతు పెట్టి పిలుస్తారు.

"మా అమ్మ ముందు తిడుతుంది, తర్వాత పిలుస్తుంది," అంటుంది లోపలినుంచి.

కరెంటు అందక ఫ్యాక్టరీ దీపాలు ఒక్కొక్కటే కింద కూర్చుంటాయి.

"తియ్యమని చెప్పండి రూతమ్మా."

"ముందు దాన్ని మళ్ళీ పిల్లని చేసివ్వండి."

"అతికించే టేపు ఇంకా రాలేదమ్మా."

"అయితే ఒలిచేదే ఇటివ్వండి."

మెడ దగ్గర అంటించుకుని లాగుతాను, నేనూ ఒక్క పొరనవుతాను. తడిసిన రవిక విప్పినట్టు ఉంటుంది, అంతే. పాలిచ్చే రోజుల్లోలా పిల్ల మీదికి కాస్త వాలుగా ఒరుగుతాను. పొర మీద పొర వాలుగా పడితే కరెంటు దారి తప్పుతుందని సారు తల పట్టుకుంటారు. పట్టుకోనీ.

మమ్మల్ని ఒక ఫోన్లో బిగించి అమ్మేస్తారు. అది మీదే కావచ్చు. ఎంత నొక్కినా తెరుచుకోకపోతే తిట్టుకోండి, మేం తియ్యం. వేడెక్కితే మాత్రం వేళ్ళ వెనకవైపు ఆనించి చూడండి, పిల్లకి జ్వరమేమో. నా చేతికి ఇప్పుడు వెనకవైపు లేదు.